పెంగ్విన్ నల్లకోటు ఎప్పుడు తొడుక్కుంది?

(ఒక పట్టణ గ్రంథాలయంలో విద్యార్థులు, ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు రెండు ఈకలు ఇస్తున్నాను. రెండూ మా పక్కింటి నాటుకోళ్లవి. ఒకటి పూర్తిగా నల్లది. రెండోది మొదలు దగ్గర తెల్లగా, కొసన నల్లగా ఉంది. వాటిని జాగ్రత్తగా చూసి వెనక్కి అందించండి. చివర్లో మళ్లీ వాటి దగ్గరకే వస్తాను.

ఇప్పుడు ఒక ప్రశ్న. పెంగ్విన్ ఏ రంగులో ఉంటుంది?

అవును, వీపు నలుపు, పొట్ట తెలుపు. మీలో చాలామంది పెంగ్విన్‌ను నేరుగా చూసి ఉండరు. అయినా తడుముకోకుండా చెప్పారు. ఆ నలుపు తెలుపులు, చుట్టూ మంచు, ఇవి లేకుండా మనకు పెంగ్విన్ బొమ్మే మనసులోకి రాదు. నేను జువాలజీ పాఠం చెప్పిన రోజుల్లో కూడా బోర్డు మీద అలాగే గీసేవాణ్ణి. 2010లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనా వ్యాసం చదివాక నా బొమ్మ మార్చుకోవాల్సి వచ్చింది. ఆ వ్యాసం ఒక పాత పెంగ్విన్ గురించి. దాని పేరు ఇన్కయాకు పారాకసెన్సిస్. ఇన్కయాకు అంటే పెరూ దేశపు కెచువా భాషలో నీటి రాజు అని అర్థం. ఈ పెంగ్విన్‌కు నల్లకోటు లేదు. మంచు కూడా లేదు.

దాని పేరులో ఉన్న పారాకస్ ఎక్కడుందో ముందు చూద్దాం. దక్షిణ అమెరికా పడమటి తీరంలో, పెరూ రాజధాని లిమాకు దక్షిణాన ఉన్న ఎడారి అది. చెట్టూ చేమా లేని పసుపు పచ్చటి నేల సముద్రం దాకా వచ్చి ఆగిపోతుంది. భూమధ్యరేఖకు దక్షిణంగా దాదాపు 14 డిగ్రీల దూరం. మన నెల్లూరు ఉత్తరంగా సుమారు అంతే దూరంలో ఉంది. అంటే భూమధ్యరేఖ నుంచి నెల్లూరు ఎంత దూరమో పారాకస్ కూడా దాదాపు అంతే దూరం. అక్కడి రాళ్లలో దొరికింది ఈ పెంగ్విన్. వయసు సుమారు 3 కోట్ల 60 లక్షల సంవత్సరాలు.

అప్పటికి అంటార్కిటికాను ఇప్పటిలా మంచు కప్పేయలేదు. అక్కడ పెద్ద మంచు పలకలు ఏర్పడటం మొదలైంది సుమారు 3 కోట్ల 40 లక్షల సంవత్సరాల క్రితం. అప్పటికే భూమ్మీద పెంగ్విన్లు పుట్టి రెండున్నర కోట్ల సంవత్సరాలు దాటింది. పెంగ్విన్లు ఆ మంచు కంటే వయసులో పెద్దవి. ఈ ఒక్క మాట మీరు ఇంటికి తీసుకెళ్లినా నాకు సంతోషమే.

సరే, ఆ శిలాజం ఎలా దొరికింది? ఆ ఎడారిలో ఎముకలు దొరకడం కొత్త కాదు. 2007లోనే అదే ప్రాంతం నుంచి రెండు పాత పెంగ్విన్ జాతులను వర్ణించారు. 4 కోట్ల 20 లక్షల ఏళ్ల నాటి పెరుడిప్టెస్ ఒకటి, 3 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటి ఇకాడిప్టెస్ ఇంకొకటి. ఆ పనికి ముందు నిలిచింది జూలియా క్లార్క్ అనే శాస్త్రవేత్త. ఇన్కయాకు విషయంలో అసలైన చూపు మాత్రం అలీ ఆల్టమిరానో అనే పెరూ విద్యార్థిది. రాతిలోంచి బయటపడిన పాదం మీద ఎముకతో పాటు పొలుసుల చర్మం జాడ కూడా ఉందని అతను గమనించాడు. జట్టంతా ఆ పెంగ్విన్‌ను ముద్దుగా పెడ్రో అని పిలుచుకుంది.

ఆ గమనించడం ఎంత పెద్ద విషయమో మీకు చెప్పాలి. శిలాజం అనగానే మనం ఎముక కోసం వెతుకుతాం. ఎముక చుట్టూ ఉన్న రాతిని సుత్తితో, ఉలితో, సూదులతో తొలగించి ఎముకను శుభ్రం చేస్తాం. ఆ తొలగించే రాతిలోనే చర్మం ఉంటే? ఈక ఉంటే? ఎముక అందంగా బయటికొస్తుంది, మిగతాది పొడిగా రాలి చెత్తబుట్టలోకి పోతుంది. పాదం మీద చర్మం ఉందని తెలిశాక వాళ్లు చెయ్యి ఆపి నెమ్మదిగా పని చేశారు. అప్పుడు ఈకలు కనిపించాయి. రెక్క మీది చిన్న ఈకలు పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, ఉన్నచోటే ఉన్నాయి.

ఈక శిలాజంగా నిలవడం చాలా అరుదు. ఎముక గట్టిది, ఖనిజం. ఈక మన గోరు, జుట్టు లాంటి కెరాటిన్ పదార్థం. చచ్చిన పక్షి తేలుతూ ఉంటే చేపలు తింటాయి, కుళ్లిపోతుంది, ఈకలు ఊడి చెల్లాచెదురవుతాయి. అలా కాకుండా శరీరం త్వరగా అడుగుకు చేరాలి. మెత్తని బురద కప్పేయాలి. ఆక్సిజన్ తక్కువగా ఉండాలి. ఇవన్నీ కలిసొస్తేనే ఇలాంటిది మిగులుతుంది.

పెడ్రో ఎంత ఉండేది? ఈత కొడుతున్నప్పుడు ముక్కు నుంచి కాళ్ల దాకా సుమారు ఒకటిన్నర మీటర్లు. బరువు 50 నుంచి 60 కిలోల మధ్య ఉంటుందని అంచనా. ఇప్పుడున్న వాటిల్లో పెద్దదైన ఎంపరర్ పెంగ్విన్ కంటే బాగా పెద్దది. ముక్కు పొడవుగా, నిటారుగా, ఈటెలా ఉండేది.

ఇప్పుడు రంగు దగ్గరకు వద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువ సేపు చెబుతాను, ఓపిక పట్టండి.

మన జుట్టు నల్లగా ఉండటానికి, కాకి నల్లగా ఉండటానికి కారణం ఒకటే పదార్థం. దాని పేరు మెలనిన్. ఈకలో ఈ మెలనిన్ ఇంకు పూసినట్టు పరుచుకుని ఉండదు. అతి చిన్న సంచుల్లో నింపి ఉంటుంది. ఆ సంచులను మెలనోసోమ్‌లు అంటారు. ఒక్కొక్కటి దాదాపు మిల్లీమీటరులో వెయ్యో వంతు. మామూలు మైక్రోస్కోపులో వాటి ఆకారం సరిగ్గా తెలియదు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. అందులో చూస్తే రంగును బట్టి వాటి ఆకారం మారడం కనిపిస్తుంది. నల్ల ఈకలో అవి జీలకర్ర గింజల్లా పొడుగ్గా ఉంటాయి. ఎర్రటి, ఇటుకరంగు ఈకలో ఆవాల్లా గుండ్రంగా ఉంటాయి. తెల్ల ఈకలో అసలు ఉండవు. గోదావరి జిల్లాల్లో పందెం కోళ్లకు ఈక రంగును బట్టి పేర్లు పెడతారు, మీకు తెలుసు. నల్లదైతే కాకి, తెల్లదైతే సేతు, ఎర్రదైతే డేగ. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ మూడింటినీ వాటి మెలనోసోమ్ గింజలను చూసి గుర్తుపట్టవచ్చు.

ఈ గింజలు శిలాజంలో కూడా మిగులుతాయని 2008 దాకా ఎవరూ గట్టిగా చెప్పలేదు. శిలాజ ఈకల్లో ఇలాంటి చిన్న ఆకారాలు కనిపించినా, ఈకను కుళ్లబెట్టిన బ్యాక్టీరియా అని అనుకునేవారు. సైజు కూడా బ్యాక్టీరియా సైజే కదా. యాకబ్ వింథర్ అనే యువ పరిశోధకుడు బ్రెజిల్‌లో దొరికిన ఒక శిలాజ ఈకను చూశాడు. దాని మీద నల్ల చారలు, తెల్ల చారలు వరసగా ఉన్నాయి. నల్ల చారల్లోనే ఈ గింజలు ఉన్నాయి, తెల్ల చారల్లో లేవు. బ్యాక్టీరియాకు చారల లెక్క తెలియదు, అవి అయితే ఈక అంతా ఉండాలి. కాబట్టి అవి మెలనోసోమ్‌లే. ఆ తర్వాత రెండేళ్లకే ఈకలున్న కొన్ని డైనోసార్ల రంగులు కూడా చెప్పగలిగారు.

ఆ వింథర్ పెడ్రో జట్టులో కూడా ఉన్నాడు. మాథ్యూ షాకీ, లిలియానా డాల్బా అనే ఇద్దరు బతికున్న పక్షుల ఈకల మీద పని చేసేవారు, వాళ్లూ చేరారు. పెడ్రో ఈకల్లోంచి చిన్న ముక్కలు తీసి చూశారు. గింజలు ఉన్నాయి. వాటి పొడవు వెడల్పులు కొలిచి, బతికున్న రకరకాల పక్షుల ఈకల కొలతలతో పోల్చారు. వచ్చిన జవాబు బూడిద రంగు, ఎర్రటి గోధుమ రంగు. కాకి నలుపు కాదు.

ఇక్కడితో ఆగిపోయినా మంచి పరిశోధనే అయ్యేది. కానీ పోల్చి చూడటానికి ఇప్పటి పెంగ్విన్ల ఈకలు కూడా తెచ్చుకున్నారు కదా, వాటిని చూశాక వాళ్లకు ఇంకో ఆశ్చర్యం ఎదురైంది. ఇప్పటి పెంగ్విన్ల మెలనోసోమ్‌లు మిగతా ఏ పక్షుల వాటిలానూ లేవు. అవి పెద్దవి, అండాకారంలో ఉబ్బినట్టున్నాయి. ఒక్కొక్కటిగా కాకుండా ద్రాక్ష గుత్తుల్లా గుంపులుగా ఉన్నాయి. పెడ్రోవి అలా లేవు. పెడ్రో గింజలు కాకి, పావురం, కొంగ లాంటి మామూలు పక్షుల గింజల్లాగే సన్నగా ఉన్నాయి.

మరోవైపు ఈక ఆకారం చూస్తే అది పక్కా పెంగ్విన్ ఈక. ఎగిరే పక్షి రెక్కలో పొడవాటి పెద్ద ఈకలు ఉంటాయి. పెంగ్విన్ రెక్కకు అవి అక్కర్లేదు. చేప పొలుసుల్లా పొట్టి ఈకలు, వెడల్పుగా చదునైన కాడలు, దగ్గర దగ్గరగా. పెడ్రో రెక్క అచ్చం అలాగే ఉంది. అంటే 3 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటికే ఈక ఆకారం పూర్తయింది. ఈక లోపలి రంగు గింజ మాత్రం ఇంకా మారలేదు. నల్లకోటు ఆ తర్వాతే వచ్చింది.

నేను మీకు చెప్పదలచుకున్న విషయం ఇదే. మనం పెంగ్విన్ అని పిలిచేది ఒక్కసారిగా తయారు కాలేదు. ఒక్కో భాగం ఒక్కో కాలంలో వచ్చి చేరింది. అది ఏ వరసలో జరిగిందో శిలాజాలు లేకపోతే మనకు తెలిసే మార్గమే లేదు. ఇప్పటి పెంగ్విన్‌ను ఎంత కోసి చూసినా అది చెప్పదు.

వెనక్కి వెళ్దాం. 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం డైనోసార్లు పోయాయి. అప్పటి జాడ మన దగ్గర కూడా ఉంది. రాజమండ్రి దగ్గర గోదావరికి అటూ ఇటూ, కాతేరు, పంగిడి, గౌరీపట్నం వైపు క్వారీల్లో నల్లరాయి తీస్తారు. అది దక్కన్ అగ్నిపర్వతాల కాలపు లావా. ఆ లావా పొరల మధ్యలో సముద్రపు గవ్వలున్న సున్నపురాయి ఉంటుంది. ఆ మహా వినాశనం ఎలా జరిగిందో తెలుసుకోవడానికి విదేశాల నుంచి కూడా పరిశోధకులు అక్కడికి వచ్చారు. ఆ రాళ్లలో పెంగ్విన్ లేదు, ఉండే అవకాశమూ లేదు. పెంగ్విన్ల తొలి జాడలు దక్షిణాన న్యూజిలాండ్‌లో ఉన్నాయి. కానీ కాలం మాత్రం ఒకదాన్ని ఆనుకుని ఒకటి. అప్పటిదాకా సముద్రాల్లో వేటాడిన పెద్ద పెద్ద సరీసృపాలు ఆ వినాశనంలో పోయాయి. చేపలున్నాయి, తినేవాళ్లు తగ్గారు. ఆ ఖాళీలోకి దిగిన పక్షుల్లో పెంగ్విన్ల పూర్వీకులు కూడా ఉన్నారని శాస్త్రవేత్తల అంచనా.

న్యూజిలాండ్‌లో వైపారా నది ఒడ్డున దొరికిన వైమను అనే పక్షి 6 కోట్ల సంవత్సరాలకు కాస్త పైబడినది. దానికి 2006లో పేరు పెట్టారు. మావోరీ భాషలో వై అంటే నీరు, మను అంటే పక్షి. అప్పటికే అది ఎగరడం మానేసింది, రెక్కలతో నీటిలో ఈదేది. అయితే రెక్క ఇంకా ఇప్పటి పెంగ్విన్ రెక్కలా బిగుసుకున్న తెడ్డు కాలేదు. మోచేయి కొంత వంగేది. అంటే మొదట పోయింది ఎగరడం. తెడ్డు గట్టిపడటం ఆ తర్వాత.

ఎగరడం మానేస్తే ఒక లాభం ఉంది, బరువు పెరగవచ్చు. కర్నూలు వైపు రోళ్లపాడులో ఒకప్పుడు తిరిగిన బట్టమేక పక్షి గురించి పెద్దవాళ్లు విని ఉంటారు. ఎగిరే పక్షుల్లో చాలా బరువైన వాటిల్లో అదొకటి. మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షి బరువుకు గాలి హద్దు పెడుతుంది, ఆ హద్దు అక్కడికి దగ్గర్లోనే ఉంది. నీరు గాలి కంటే 800 రెట్లు చిక్కన. బరువైన శరీరాన్ని నీరు మోస్తుంది. పైగా పెద్ద శరీరం వేడిని త్వరగా కోల్పోదు, ఎక్కువ సేపు మునిగి ఉండగలదు. పెంగ్విన్లు ఈ లాభాన్ని వెంటనే వాడుకున్నాయి. న్యూజిలాండ్‌లోనే ఒటాగో తీరంలో రాతి గుండ్లలో దొరికిన కుమిమను ఫోర్డైసీ అనే జాతిని 2023లో వర్ణించారు. 5 కోట్ల 70 లక్షల ఏళ్ల నాటిది. బరువు 150 కిలోల దాకా ఉంటుందని ఎముకల కొలతను బట్టి అంచనా వేశారు. ఇద్దరు మనుషుల బరువు. పెంగ్విన్ల శిలాజాల మీద జీవితమంతా పని చేసిన న్యూజిలాండ్ ప్రొఫెసర్ ఇవాన్ ఫోర్డైస్ పేరు దానికి పెట్టారు. అదే ఏడాది చివర్లో ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు వరస చూడండి. ముందు ఎగరడం పోయింది. ఆ వెంటనే శరీరం పెరిగింది. రెక్క తెడ్డయింది, ఈక పొలుసులా మారింది. ఆ తర్వాత ఎప్పుడో లోపలి గింజ మారింది. మనం పెంగ్విన్ అనగానే మొదట చెప్పే నలుపు, నిజానికి చివర్లో వచ్చిన వాటిల్లో ఒకటి.

మరి గింజ ఎందుకు మారింది? దీనికి రెండు ఆలోచనలు ఉన్నాయి. మొదటిది బలం. మెలనిన్ రంగు మాత్రమే కాదు, ఈకకు గట్టిదనం కూడా ఇస్తుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకు వచ్చే కొంగలను గుర్తు తెచ్చుకోండి. ఒళ్లు తెల్లగా ఉన్నా, చాలావాటికి రెక్కల అంచు ఈకలు నల్లగా ఉంటాయి. గాలితో ఎక్కువ రాపిడి అక్కడే. చిక్కటి నీటిలో రోజంతా ఈదే పక్షి ఈకకు ఆ రాపిడి ఇంకెంత ఉంటుంది? గుత్తులుగా పేర్చిన పెద్ద గింజలు ఈకను మరింత గట్టి చేసి ఉండవచ్చని పెడ్రో జట్టు ఆలోచించింది. రెండోది దాక్కోవడం. పై నుంచి చూస్తే నల్లటి వీపు లోతైన నీటిలో కలిసిపోతుంది, కింది నుంచి చూస్తే తెల్లటి పొట్ట వెలుగులో కలిసిపోతుంది. పెడ్రో కాలానికి సీల్ జంతువులు ఇంకా సముద్రాల్లోకి రాలేదు. అవి వచ్చాక పెంగ్విన్లకు వేటగాళ్లు పెరిగారు, తిండికి పోటీ పెరిగింది. భారీ పెంగ్విన్లు కనుమరుగు కావడానికి కూడా సీల్స్‌ను, పళ్లున్న తిమింగలాలను కారణంగా చూపేవాళ్లు ఉన్నారు. ఈ రెండు ఆలోచనల్లో నాకు మొదటిది ఎక్కువ నచ్చుతుంది. దాక్కోవడానికే అయితే మామూలు నల్ల గింజ సరిపోతుంది, పూర్తిగా కొత్త ఆకారం గింజ అక్కర్లేదు.

తిమింగలాలంటే గుర్తొచ్చింది. పెడ్రో ఈదిన ఆ పెరూ సముద్రంలో అప్పటికే తొలి తిమింగలాలు ఉన్నాయి. 4 కోట్ల 20 లక్షల ఏళ్లు దాటిన నాలుగు కాళ్ల తిమింగలం ఎముకలు కూడా ఆ తీరంలో దొరికాయి. తిమింగలాల మూలం మాత్రం మన ఉపఖండమే. వాటికి చాలా దగ్గరి చుట్టమైన ఇండోహ్యస్ అనే చిన్న గిట్టల జంతువు జమ్మూ కాశ్మీర్‌లోని కాలాకోట్ రాళ్లలో దొరికింది. దాన్ని సేకరించినవారు భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు గారు. ఇక్కడి నీటి ఒడ్డున మొదలైన జీవులు పెరూ దాకా ఈదుకుంటూ వెళ్లి, దక్షిణం నుంచి వచ్చిన పెంగ్విన్లతో ఒకే నీటిలో చేపలు పట్టాయి. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ప్రశ్నలకు సమయం ఇస్తామన్నారు. అడగండి అమ్మా.

"మాస్టారూ, ఇప్పుడు ఆ ఎడారి దగ్గర పెంగ్విన్లు ఉన్నాయా?"

ఉన్నాయి. హంబోల్ట్ పెంగ్విన్లు. పారాకస్ దగ్గర్లోని బయెస్టాస్ దీవుల మీద పడవలో వెళ్లి చూడవచ్చు. నాలుగైదు కిలోల చిన్న పక్షి, వీపు నలుపు, పొట్ట తెలుపు, రొమ్ము మీద నల్ల పట్టీ. దక్షిణం నుంచి వచ్చే హంబోల్ట్ చల్లటి ప్రవాహం వల్ల ఆ తీరంలో నెత్తళ్ల లాంటి చేపలు విపరీతంగా ఉంటాయి, వాటిని తిని బతుకుతాయి. అవి పెడ్రో పిల్లలు, మనవలు కావు. పెడ్రో వంశం ఆగిపోయింది. ఇవి చాలా తర్వాత వేరే కొమ్మ నుంచి అక్కడికి చేరినవి.

"పెడ్రోను ఎక్కడ పెట్టారు?"

లిమాలో, శాన్ మార్కోస్ విశ్వవిద్యాలయం వారి నేచురల్ హిస్టరీ మ్యూజియంలో. 1551లో మొదలైన విశ్వవిద్యాలయం అది. పెరూ నేలలో దొరికిన పెడ్రో పెరూలోనే ఉంది, దాన్ని మొదట సరిగ్గా చూసింది కూడా అక్కడి విద్యార్థే. ఇది నాకు చాలా సంతోషం కలిగించే విషయం.

ఇంకెవరైనా? బాబూ, నీ చేతిలో ఉన్నది ఆ రెండు రంగుల ఈకే కదా. దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి వెలుతురులో పట్టుకో. ఎక్కడ చిరిగింది, తెల్లగా ఉన్న చోటా, నల్లగా ఉన్న చోటా? తొందరపడకు, నిదానంగా చూసి చెప్పు. నేనింకా చూడలేదు.